ఫెర్నాందో ది లేయో: బతికుండగా బి సెంటర్ దర్శకుడు, పోయాక కల్ట్ దర్శకుడు

అడిగిన ప్రశ్న ఇది: "టరాంటినో అభిమానులు ఇటలీ క్రైమ్ సినిమాల మాటెత్తితే చాలు, ఫెర్నాందో ది లేయో పేరు చెబుతున్నారు. ఆయన అప్పట్లోనే పెద్ద దర్శకుడా, లేక తర్వాత ఎత్తి కూర్చోబెట్టిన పేరా? చూడాలంటే ఏ సినిమాతో మొదలుపెట్టాలి?"

ఆయన అప్పట్లో పెద్ద దర్శకుడు కాదు, అలాగని అనామకుడూ కాదు. 1968 నుంచి 1980 దాకా పదిహేనుకు పైగా సినిమాలు తీశాడు. చేతికి పని దొరకని దర్శకుడికి అన్ని సినిమాలు రావు. కానీ ఫెల్లినీ, ఆంతొనియోని, రోజీ లాంటి వాళ్ళను కూర్చోబెట్టిన వరసలో విమర్శకులు ఈయనకు కుర్చీ వెయ్యలేదు. ఆయన సినిమాలు ఎక్కువగా ఆడింది మనం బి, సి సెంటర్లనే చోట్ల. అప్పటి ఇటలీలో కొత్త సినిమా ముందు పెద్ద ఊళ్ళలోని ఖరీదైన హాళ్ళలో పడేది. తర్వాత అవే ప్రింట్లు టికెట్ తక్కువ ఉండే రెండో రకం హాళ్ళకు, ఆ తర్వాత పేటల్లోని, పల్లెల్లోని మూడో రకం హాళ్ళకు దిగేవి. క్రైమ్ సినిమాకు అసలు డబ్బు ఆ కింది మెట్లలోనే నెమ్మదిగా వచ్చేది. పత్రికల రివ్యూలు మాత్రం మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయేవి. ఆదరణకూ పేరుకూ మధ్య ఇంత దూరం ఉండటానికి సగం కారణం ఇదే.

మిగతా సగం అర్థం కావాలంటే ఆయన ఎక్కణ్ణుంచి వచ్చాడో చూడాలి. పుట్టింది 1932 జనవరిలో, దక్షిణ ఇటలీ పూల్యా ప్రాంతంలోని సాన్ ఫెర్దినాందో ది పూల్యా అనే ఊళ్ళో. పేరు తెచ్చిపెట్టిన సినిమాలన్నీ ఉత్తరాన మిలాన్ వీధుల్లో తీసినా, ఆ సినిమాల్లో మనుషులు చాలామంది దక్షిణాది నుంచి వచ్చినవాళ్ళే. దర్శకుడు కాకముందు ఆయన రచయిత, అదీ ఇటలీ కౌబాయ్ సినిమాల రచయిత. సెర్జో లియోనే తీసిన తొలి రెండు డాలర్ సినిమాలకు (1964, 1965) స్క్రిప్టులో చెయ్యి వేశాడు, తెరమీద పేరు మాత్రం పడలేదు. పేరు పడినవాటిలో దూచ్చో తెస్సారి దర్శకత్వంలో వచ్చిన రెండో రింగో సినిమా (1965), లూచో ఫుల్చీ తీసిన 'తెంపో ది మసాక్రో' (1966), సెర్జో కొర్బూచ్చి తీసిన 'నవాహో జో' (1966) ముఖ్యమైనవి. మన దగ్గర 1971లో కె.ఎస్.ఆర్. దాస్ దర్శకత్వంలో కృష్ణ 'మోసగాళ్ళకు మోసగాడు' చేసినప్పుడు అందులోకి దిగిన గాలి ఈ ఇటలీ కౌబాయ్ సినిమాలదే. కాబట్టి ది లేయో పేరు మనకు కొత్త కావచ్చు గాని ఆయన పనిచేసిన కార్ఖానా సరుకు కొత్తది కాదు.

ఆయన రచయితగా మొదలవడం చాలా ముఖ్యం. మిగతా క్రైమ్ దర్శకులు ఛేజింగులు, తుపాకులు పట్టుకుని సినిమా అల్లితే, ఈయన ముందు మనుషుల మధ్య లెక్కను అల్లుతాడు. ఎవడు ఎవడికి బాకీ, ఎవడు ఎవణ్ణి నమ్ముతున్నట్టు నటిస్తున్నాడు, ఎవడి దగ్గర డబ్బుంది. కౌబాయ్ కథల అస్థిపంజరమే ఇది. రెండు ముఠాల మధ్యకు ఒంటరివాడు వస్తాడు, ఎక్కడో దాచిన సొమ్ముంటుంది, అందరి కళ్ళూ దాని మీదే. గుర్రాలు తీసేసి ఆల్ఫా రోమియోలు పెట్టండి, ఎడారి బదులు మంచు కురిసే మిలాన్ పెట్టండి, ది లేయో సినిమా తయారు. ఒక్క తేడా ఉంది, అదే ఆయన సంతకం. కౌబాయ్ సినిమాలో చివరికి ఒక నియమం నిలబడుతుంది. ఈయన సినిమాల్లో నియమం గురించి ఎక్కువ మాట్లాడేవాడే ముందు దాన్ని అమ్ముకుంటాడు.

దర్శకుడిగా తొలి సినిమా 1968లో, యుద్ధ కథ. 1969లో జోర్జో షెర్బానెన్కో నవల ఆధారంగా 'ఇ రగాజ్జి దెల్ మసాక్రో' తీశాడు. ఈ షెర్బానెన్కో పేరు గుర్తుపెట్టుకోండి. 1911లో కీవ్‌లో పుట్టి, ఇటలీలో పెరిగి, మిలాన్ నేర కథలకు పెద్దదిక్కైన రచయిత. 1969లోనే పోయాడు. అదే ఏడాది వచ్చిన ఆయన కథల సంపుటి 'మిలానో కాలిబ్రో నోవే'. ది లేయో ఆ పేరునూ, ఆ కథల్లోని కొన్ని ముక్కలనూ, అన్నిటికంటే ముఖ్యంగా ఆ చలినీ తీసుకుని మిగతాదంతా తనే రాసుకున్నాడు. సొంతంగా 'దౌనియా 70' అనే నిర్మాణ సంస్థ పెట్టుకున్నాడు కూడా. రచన, దర్శకత్వం, కంపెనీ ఒకే మనిషి చేతిలో ఉండటం ఆ స్థాయి సినిమాల్లో అరుదు.

ఇక అసలు సంగతి. ఆయన పేరు ఈరోజు నిలబడింది 1972 ఫిబ్రవరికీ 1973 ఫిబ్రవరికీ మధ్య, అంటే ఇంచుమించు ఏడాదిలో వచ్చిన మూడు సినిమాల మీద: 'మిలానో కాలిబ్రో నోవే', 'లా మాలా ఓర్దినా', 'ఇల్ బాస్'. మూడింటినీ కలిపి ట్రయాలజీ అంటారు గాని కథలకు సంబంధం లేదు, పాత్రలు వేరు. నేర లోకం ఎలా నడుస్తుందో మూడు అంతస్తుల్లో చూపిస్తాయి, అంతే. మొదటిది డబ్బు మోసే కూలీల కథ. రెండోది అన్నిటికంటే అడుగున ఉన్న ఒక చిల్లర తార్పుడుగాడి కథ. మూడోది పై అంతస్తు, మాఫియా పెద్దలూ పోలీసు పెద్దలూ ఒకే బల్ల దగ్గర కూర్చునే చోటు.

'మిలానో కాలిబ్రో నోవే' మొదటి నిమిషాలు క్రైమ్ సినిమా ఎలా మొదలవ్వాలో నేర్పే పాఠం. మిలాన్‌లో దువోమో అనే పెద్ద చర్చి ముందు చౌక్, పావురాలు, జనం. ఒక పార్సిల్ చేతులు మారుతుంది. ఒకడి దగ్గర్నుంచి ఇంకొకరికి, అక్కణ్ణుంచి మరొకరికి. మాట దాదాపు లేదు. లూయిస్ బకలోవ్ ఆర్కెస్ట్రా, దాని మీద నేపుల్స్ రాక్ బృందం ఒసన్నా వాయించిన ఫ్లూట్, గిటార్ కలిసి మనల్ని ఆ పార్సిల్ వెంట లాక్కెళతాయి. చివర విప్పి చూస్తే డాలర్ల బదులు ఉత్త కాగితాలు. అక్కణ్ణుంచి శిక్షలు మొదలు. మంగలి కుర్చీలో కూర్చున్నవాడి ముఖం మీద కత్తి గాట్లు పడతాయి. అనుమానం ఉన్న ముగ్గుర్నీ ఊరవతల గుహలోకి తీసుకెళ్ళి, కట్టేసి, డైనమైట్ పెట్టి పేల్చేస్తారు. ఇదంతా అయ్యాకే అసలు కథ మొదలవుతుంది. ఉగో పియాజా జైల్లోంచి బయటికొస్తాడు. మూడు లక్షల డాలర్లు వీడే నొక్కేశాడని ముఠా నమ్మకం. నేను తీయలేదంటాడు వీడు. సినిమా అంతా ఈ ఒక్క మాట మీదే నడుస్తుంది.

ఉగోగా గస్తోనే మొస్కిన్. బట్టతల, రాయి లాంటి ముఖం. ఎన్ని దెబ్బలు తిన్నా ఆ ముఖంలో ఏమీ కనబడదు. వీడి దగ్గర డబ్బుందా లేదా అని ప్రేక్షకుడు చివరిదాకా ఆ ముఖాన్నే వెతుక్కుంటాడు. రచయిత తెలివి అదే, దర్శకుడి తెలివి ఆ నటుణ్ణి పెట్టడం. (రెండేళ్ళ తర్వాత 'గాడ్‌ఫాదర్' రెండో భాగంలో తెల్ల సూటు వేసుకుని, కుర్ర వీటో చేతిలో చచ్చే దోన్ ఫనూచ్చి ఈ మొస్కినే.) ఎదురుగా రోక్కో పాత్రలో మారియో అడార్ఫ్. అరుపులు, చేతులూపడం, దక్షిణాది యాస. ఒకడు రాయి, ఇంకొకడు నిప్పు. సినిమా మొత్తం ఉగోను పీడించిన ఈ రోక్కోనే చివర్లో ఉగో పక్షాన ఊగిపోయే సీన్ ఒకటుంది. ఇటలీ సినిమా అభిమానులు దాని డైలాగు ఇప్పటికీ వల్లిస్తారు. కథ చెప్పను, చూడండి.

ఈ సినిమాలో ఇద్దరు పోలీసు అధికారుల మధ్య వాదనలున్నాయి. ఫ్రాంక్ వుల్ఫ్ వేసిన కమిషనర్ పాతకాలపు మనిషి, ఎవణ్ణి పట్టుకోవాలి అన్నదే లెక్క. లూయిజీ పిస్తిల్లి వేసినవాడు వామపక్షం వైపు మనిషి, దొంగల్ని కాదు, బ్యాంకుల్లోంచి డబ్బు బయటికి తరలించేవాళ్ళను చూడమంటాడు. కొత్తగా చూసేవాళ్ళలో ఎక్కువమందికి విసుగొచ్చేది ఇక్కడే. కథ ఆగిపోయి ఉపన్యాసం మొదలైనట్టుంటుంది, అది నిజమే. కానీ 1972 మిలాన్ ప్రేక్షకుడికి ఇది ఉపన్యాసం కాదు. 1969 డిసెంబర్ 12న అదే ఊళ్ళో, దువోమోకు కూతవేటు దూరంలో, పియాజా ఫోంతానాలోని వ్యవసాయ బ్యాంకులో బాంబు పేలి 17 మంది చనిపోయారు. పోలీసులు ముందు అరాచకవాదుల మీద పడ్డారు. వాళ్ళలో ఒకడైన జుసెప్పే పినెల్లి పోలీసు కార్యాలయం కిటికీలోంచి కిందపడి చనిపోయాడు. ఆ విచారణకు సంబంధించిన కమిషనర్ కలబ్రేజీని ఈ సినిమా వచ్చిన మూడు నెలలకు, 1972 మే 17న, వీధిలో కాల్చి చంపారు. పోలీసు ఎటువైపు అన్నది ఆ రోజుల్లో ఇంటింటా పొయ్యి దగ్గర జరిగే వాదన. ఫ్రాంక్ వుల్ఫ్ సినిమా విడుదల చూడలేదు, 1971 డిసెంబర్‌లో రోమ్‌లో ఆత్మహత్య చేసుకున్నాడు.

ఇంకో చిన్న పాత్ర గమనించండి. దోన్ విన్చెన్జో అనే గుడ్డి ముసలి మాఫియా మనిషి, చిన్న గదిలో పేదగా బతుకుతుంటాడు. మాఫియాలో ఉన్నారని అనుమానించిన దక్షిణాదివాళ్ళను సొంత ఊరికి దూరంగా ఉంచితే ముఠా విడిపోతుందని 1956 నుంచి ప్రభుత్వం నిర్బంధ నివాసపు ఉత్తర్వులిచ్చి ఉత్తరాదికి పంపుతూ వచ్చింది. జరిగింది తలకిందులు, వాళ్ళు వెళ్ళిన చోటల్లా కొత్త కొమ్మలు మొలిచాయి. అసలు మాఫియా పోయింది, ఇప్పుడున్నవి ఉత్త ముఠాలే అని ఆ ముసలాయన అంటాడు. ది లేయో మనసులో మాట అదే అనుకోకండి. పాత మాఫియాకు నీతి ఉండేదన్న కథను కూడా ఆయన నమ్మడు. అందుకు రుజువు 'ఇల్ బాస్'.

దానికి ముందు 'లా మాలా ఓర్దినా'. న్యూయార్క్ పెద్ద ఒకడు ఇద్దరు హంతకుల్ని మిలాన్ పంపుతాడు. ఒకడు హెన్రీ సిల్వా, నోరు ఆగదు. ఇంకొకడు వుడీ స్ట్రోడ్, నోరు తెరవడు. హెరాయిన్ సరుకు మాయం చేశాడని లూకా కనాలి అనే చిల్లర తార్పుడుగాణ్ణి నలుగురూ చూసేట్టు చంపాలి. సరుకు తిన్నది నిజానికి స్థానిక పెద్ద దోన్ వీతో, లూకా ఉత్త బలిపశువు. ఒక తెల్లవాడు, ఒక నల్లవాడు, సూట్లలో, పరాయి ఊళ్ళో తిరిగే ఈ హంతకుల జంటనే 'పల్ప్ ఫిక్షన్' జంటకు పెద్దన్నలుగా విమర్శకులు చూపిస్తుంటారు. పోలిక నిజమే గాని అతిగా లాగొద్దు. టరాంటినో జంట కబుర్లు చెప్పుకుంటారు. ఈ జంటలో ఒకడే మాట్లాడతాడు, రెండోవాడు భరిస్తాడు.

ఈ సినిమాకు ప్రాణం మాత్రం హంతకులు కాదు, మారియో అడార్ఫ్ వేసిన లూకా. భార్యనూ కూతుర్నీ కళ్ళముందే వ్యాన్‌తో గుద్ది చంపేస్తే, వాడు ఆ వ్యాన్ వెంట పడతాడు. కారులో తరిమి, దిగి పరిగెత్తి, చివరికి కదులుతున్న వ్యాన్‌కు వేలాడుతూ ముందు అద్దాన్ని తలతో బాది బద్దలు కొడతాడు. ఛేజ్ పొడవుగా ఉంటుంది, నేపథ్యంలో హీరోయిజం వాయించరు, చేసేవాడు యాభై కిలోమీటర్లు పరిగెత్తగల హీరో కాదు, పొట్ట ఉన్న మనిషి. ఆయాసం కనిపిస్తుంది. అందుకే ఈ సీన్ ఇవాళ చూసినా పాతబడినట్టు ఉండదు. క్లైమాక్స్ పాత కార్ల తుక్కు యార్డులో, ఇనుప పంజా ఉన్న క్రేన్ కింద. దీని సంగీతం బకలోవ్ కాదు, అర్మాందో త్రొవయోలి. అందుకే మొదటిదానికంటే తేలికగా, కాస్త జాజ్ ఊపుతో సాగుతుంది.

'ఇల్ బాస్' పలెర్మోలో జరుగుతుంది. ఒక ముఠా పెద్దలు బూతు సినిమా ప్రైవేట్ షో చూస్తుంటే హెన్రీ సిల్వా ప్రొజెక్టర్ గదిలోంచి గ్రెనేడ్ లాంచర్‌తో హాలునే పేల్చేస్తాడు. మొదలే అది. తర్వాత సినిమా అంతా చదరంగం. తనను పెంచిన పెద్దమనిషి ఒకపక్క, తన మీద అధికారం ఉన్న ఇంకా పెద్దమనిషి ఒకపక్క. ఆ పైవాడుగా రిచర్డ్ కాంటే, అంతకు ముందేడు 'గాడ్‌ఫాదర్'లో శత్రు ముఠా పెద్ద బార్జినీ వేసినవాడు. అదే ముఖాన్ని తెచ్చి, గాడ్‌ఫాదర్ చూపించిన గౌరవం, కుటుంబం, మాట నిలబెట్టుకోవడం అన్నీ ఒక్కొక్కటే ఊడదీశాడు ది లేయో. కమిషనర్ ముఠా జీతగాడు. మూడింటిలో ఎక్కువ చల్లగా, ఎక్కువ కోపంగా ఉన్నది ఇదే. కిడ్నాపైన అమ్మాయి పాత్రను రాసిన తీరు మాత్రం సమర్థించలేం. ఆయన సినిమాల్లో ఆడవాళ్ళ మీద దెబ్బలూ, కెమెరా చూపూ చాలాచోట్ల కథ అడిగినదానికంటే ఎక్కువ. అభిమానులు దీన్ని 'ఆ కాలం అలాంటిది' అని దాటేస్తారు, నేను దాటెయ్యను.

ఇంత చేసినా అప్పట్లో పేరెందుకు రాలేదు? సరిగ్గా అదే ఏడాది, 1972లో, స్తెనో తీసిన 'లా పొలిత్సియా రింగ్రాత్సియా' పెద్ద హిట్టయి, పోలీసు కమిషనర్ హీరోగా సినిమాల వరద తెచ్చింది. తర్వాత ఎన్జో కాస్తెల్లారి, ఉంబెర్తో లెంజీ లాంటి వాళ్ళు, హీరోగా మౌరిజియో మెర్లి లాంటి వాళ్ళు ఆ దారిలో దూసుకెళ్ళారు. మీసాల కమిషనర్, చట్టం చేతులు కట్టేసింది, అందుకే చెంపదెబ్బ. హాల్లో ఈలలు పడే ఫార్ములా ఇది, మనకు కొత్తేం కాదు. ది లేయో సినిమాల్లో ఈల వెయ్యడానికి పోలీసు లేడు. ఉంటే చేతకానివాడు, లేదా అమ్ముడుపోయినవాడు. విమర్శకులేమో ఈ మొత్తం వరదను ఒకే గంపలో వేసి, హింసను అమ్మే మితవాద సినిమాలన్నారు. అందులో ఈయనవీ కొట్టుకుపోయాయి. మాస్‌కు కావలసిన హీరో లేడు, మేధావులకు కావలసిన గౌరవం లేదు.

1974లో ఆ కమిషనర్ ఫార్ములానే తీసుకుని దాన్ని లోపలినుంచి కోశాడు: 'ఇల్ పొలిత్సియోత్తో ఎ మార్చో'. నా దృష్టిలో ఆ మూడింటి పక్కన పెట్టదగ్గ నాలుగోది ఇదే. లూక్ మెరెండా అందగాడు, పత్రికలు పొగిడే మిలాన్ పోలీసు, లోపల ముఠా డబ్బు తింటుంటాడు. తండ్రి ఒక చిన్న ఠాణాలో నిజాయితీపరుడైన మామూలు అధికారి, నటుడు సాల్వో రాండోనే. పిల్లిని వెంటేసుకుని తిరిగే ఒక ముసలాయన, తన దారికి అడ్డంగా కారు పెట్టారని ఆ ఠాణాలో ఫిర్యాదు రాసిస్తాడు. ఆ కారు ముఠాది. ఆ ఒక్క కాగితం తెచ్చివ్వమని ముఠా కొడుకును అడుగుతుంది, కొడుకు తండ్రిని అడగాలి. రెండు పెద్ద కార్ ఛేజ్‌లున్నాయి, కానీ సినిమా బరువంతా తండ్రీకొడుకుల మధ్య ఆ కాగితం మీదే. ఒక పార్కింగ్ ఫిర్యాదుతో ఒక కుటుంబాన్ని కూల్చడం, అదీ స్క్రీన్‌ప్లే అంటే.

1975లో కిడ్నాపుల కథ 'లా చిత్తా స్కోన్వోల్తా'. ధనవంతుడి కొడుకుతో పాటు మెకానిక్ కొడుకూ అపహరణకు గురవుతాడు, ధనవంతుడు బేరాలాడతాడు, ఫలితం అనుభవించేది మెకానిక్. సగం దాకా గట్టి సినిమా, తర్వాత మామూలు పగ కథ. ధనవంతుడుగా జేమ్స్ మేసన్. 1976లో 'ఇ పద్రోని దెల్లా చిత్తా'లో జాక్ పాలెన్స్, 1977 నాటి 'దియమాంతి స్పోర్కి ది సాంగ్వే'లో మార్టిన్ బాల్సమ్. ఈ విదేశీ పేర్లు చూసి మోసపోవద్దు. ఆ రోజుల్లో ఇటలీ నిర్మాతలు హాలీవుడ్‌లో వయసు మళ్ళిన నటుణ్ణి కొద్ది రోజుల డేట్లకు రప్పించి, ఆ పేరు చూపించి ఓవర్సీస్ అమ్ముకునేవారు. పోస్టర్ మీద పెద్దగా ఉన్న పేరు సినిమాలో కాసేపే కనబడటం మామూలు. ఇంతమంది విదేశీ నటులు ఎలా కలిసి పనిచేశారంటే, సెట్లో శబ్దం పట్టించుకోరు. ఎవరి భాషలో వాళ్ళు మాట్లాడతారు, తర్వాత స్టూడియోలో అందరికీ డబ్బింగ్.

పతనానికి కారణం ఆయన ఒక్కడిదే కాదు. 1976 జులైలో ఇటలీ రాజ్యాంగ న్యాయస్థానం ప్రాంతీయ ప్రైవేట్ టీవీలకు దారి తెరిచింది. ఊరూరా ఛానెళ్ళు పుట్టి రాత్రంతా పాత సినిమాలు వేశాయి. 1970 ప్రాంతంలో ఏడాదికి 50 కోట్లకు పైగా తెగిన టికెట్లు 1980కి సగానికి పడిపోయాయి. ముందు మూతపడ్డవి ఆ మూడో రకం హాళ్ళే. అంటే ది లేయో తినే కంచమే పోయింది. 1978లో తీసిన 'ఆవెరే వెంతాన్ని' దెబ్బతింది, 1985లో హెన్రీ సిల్వాతో తీసిన 'కిల్లర్ కోంత్రో కిల్లర్స్' చివరిది. ఆ తర్వాత దాదాపు పద్దెనిమిదేళ్ళు సినిమా లేకుండా గడిపి, 2003 డిసెంబర్ 1న రోమ్‌లో చనిపోయాడు.

రెండో ఆదరణ మొదలైంది ఆయన పోయిన తొమ్మిది నెలలకు. 2004 వెనిస్ చిత్రోత్సవంలో మార్కో జుస్తి కూర్చిన 'ఇటాలియన్ కింగ్స్ ఆఫ్ ది బీస్' అనే విభాగానికి హాలీవుడ్ దర్శకులు టరాంటినో, జో డాంటే అండగా నిలిచారు. పాత బి గ్రేడ్ సినిమాలు పెద్ద తెర మీద మళ్ళీ పడ్డాయి. ఆ వెలుగు ఎక్కువగా పడినవాళ్ళలో ది లేయో ఒకడు. కానీ ఒక మాట స్పష్టంగా చెప్పాలి. టరాంటినో లేకపోతే ది లేయో లేడన్నది తప్పు. ఇటలీలో 'నొక్తూర్నో' లాంటి పత్రికలు 1990ల నుంచే ఈ సినిమాలను తవ్వి బయటికి తీస్తున్నాయి. బయటి ప్రపంచానికి నిజంగా అందించింది రారో వీడియో అనే సంస్థ డిస్కులు. 2011లో నాలుగు సినిమాల సెట్ అమెరికాలో వచ్చింది, తర్వాత బ్లూరేలు, 2013లో రెండో సెట్. 2015లో బ్రిటన్ సంస్థ యారో 'మిలానో కాలిబ్రో నోవే' వేసింది. 2020లో తోనీ ద్ఆంజెలో దానికి కొనసాగింపు కూడా తీశాడు, ఉగో పియాజా కొడుకు కథ, మొదటి సినిమాలో నటించిన బార్బరా బూషే మళ్ళీ కనిపిస్తుంది. మొదటిది చూడకుండా అది చూడొద్దు, అసలు రహస్యం పోతుంది.

ఇక చూసే పద్ధతి. మొదలు 'మిలానో కాలిబ్రో నోవే'. అది నచ్చితే 'ఇల్ పొలిత్సియోత్తో', తర్వాత 'ఇల్ బాస్', మధ్యలో ఊపిరి కోసం 'లా మాలా ఓర్దినా'. విడుదల వరసలోనే చూడాలన్న పట్టింపు అక్కర్లేదు. మీకు వేగం ముఖ్యమైతే మాత్రం 'లా మాలా ఓర్దినా'తో మొదలుపెట్టండి, వాదనల సీన్లు అడ్డురావు. 'ఇ పద్రోని' చివర్న సరదాగా. 1971 నాటి ఆసుపత్రి హత్యల సినిమాతో మాత్రం మొదలుపెట్టొద్దు. క్లౌస్ కిన్‌స్కీ పేరు చూసి చాలామంది అటు వెళ్ళి, ది లేయో అంటే ఇంతే అనుకుని వెనక్కి వస్తారు.

భాష విషయంలో, ఇంగ్లిష్ ట్రాకూ డబ్బింగే, ఇటాలియన్ ట్రాకూ డబ్బింగే, పెదవులు రెండింట్లోనూ తప్పుతాయి. 'మిలానో కాలిబ్రో నోవే', 'ఇల్ బాస్' ఇటాలియన్‌లో సబ్‌టైటిల్స్‌తో చూడండి, ఉత్తరాది దక్షిణాది యాసల తేడా కథలో భాగం. 'లా మాలా ఓర్దినా'లో సిల్వా, స్ట్రోడ్ ఉన్నారు కాబట్టి ఇంగ్లిష్‌లో చూసినా పెద్దగా పోయేది లేదు. ఒక జాగ్రత్త ఏమిటంటే, కొన్ని డిస్కుల్లో, ఫైళ్ళలో ఉండే సబ్‌టైటిల్స్ ఇంగ్లిష్ డబ్బింగ్‌ను ఎత్తి రాసినవి. ఇటాలియన్ ట్రాక్ పెట్టుకున్నప్పుడు మాట ఒకటి, కింద పడేది ఇంకొకటి అవుతుంది. పాత్ర నోరు మెదపనప్పుడు కూడా కింద వాక్యం పడుతోందంటే అదే రోగం, ఇంకో సబ్‌టైటిల్ ఫైలు వెతుక్కోండి.

పేర్ల గందరగోళం ఇంకో ఉచ్చు. 'ది ఫ్రెంచ్ కనెక్షన్' గాలిని వాడుకోవడానికి 'లా మాలా ఓర్దినా'ను 'ది ఇటాలియన్ కనెక్షన్' అని అమ్మారు, ఇంకోచోట 'మ్యాన్‌హంట్' అన్నారు. 'ఇల్ బాస్' 'వైపౌట్' పేరుతోనూ తిరిగింది. 'ఇ పద్రోని' అయితే 'మిస్టర్ స్కార్‌ఫేస్', 'రూలర్స్ ఆఫ్ ది సిటీ'. కొనేముందు ఇటాలియన్ పేరూ, సంవత్సరమూ సరిచూసుకోకపోతే ఒకే సినిమా రెండుసార్లు కొంటారు. 'మిస్టర్ స్కార్‌ఫేస్' పేరుతో చౌక ప్యాకుల్లోనూ, ఉచితంగానూ దొరికే కాపీలు చాలావరకు అరిగిన ప్రింట్లు, పక్కలు కోసేసిన ఫ్రేమ్. వాటిని చూసి ఫొటోగ్రఫీ బాగాలేదని తీర్పు చెప్పొద్దు.

నిడివి చూసి భయపడేవాళ్ళ కోసం: 'మిలానో కాలిబ్రో నోవే' సుమారు 102 నిమిషాలు. మీ కాపీ 98 చూపిస్తే సీన్లు కోసినట్టు కాదు. సెకనుకు 24 ఫ్రేముల సినిమాను యూరప్ పాత డీవీడీల్లో 25తో ఆడిస్తారు, నాలుగు శాతం తగ్గుతుంది, గొంతులూ సంగీతమూ కాస్త సన్నబడతాయి. బకలోవ్ సంగీతం కోసం చూసేవాళ్ళు ఆ డీవీడీలు వదిలేసి బ్లూరే తీసుకోవడం మంచిది. 95 కంటే తక్కువుంటే మాత్రం అనుమానించండి. రీజియన్, అంటే డిస్కు ఏ దేశాల ప్లేయర్లలో ఆడుతుందన్న తాళం, కూడా చూసుకోవాలి. ఇండియా బ్లూరే ప్లేయర్లు సి, అమెరికా డిస్కులు ఎ, బ్రిటన్‌వి బి. అమెరికాలో ఉన్న మనవాళ్ళకు రారో డిస్కులు నేరుగా ఆడతాయి, యారోది ఆడాలంటే అన్ని రీజియన్లూ తీసుకునే ప్లేయర్ కావాలి. హైదరాబాద్‌లో కూర్చుని తెప్పించుకుంటే రెండింటికీ అదే అవసరం, డిస్కు మీద రీజియన్ తాళం లేదని రాసి ఉంటే తప్ప.

చివరగా 'ఆవెరే వెంతాన్ని'. గ్లోరియా గ్విదా, లిల్లీ కరాతి ఉన్నారు కాబట్టి కుర్రకారు కామెడీ అనుకుని జనం వెళ్ళారు, ముగింపు చూసి బెదిరిపోయారు. దాంతో సినిమాను హాళ్ళనుంచి వెనక్కి తీసి, ఆ ముగింపు కత్తిరించి, సీన్ల వరస మార్చి మళ్ళీ వదిలారు. రెండు రూపాలూ ఇప్పటికీ తిరుగుతున్నాయి. హాయిగా నవ్వుతూ ముగిసే కాపీ మీ చేతిలో ఉంటే అది దర్శకుడు తీసింది కాదు. అసలుది చూడాలనుకుంటే, చివరి పది నిమిషాలు చాలా క్రూరంగా ఉంటాయని తెలిసే కూర్చోండి, ఇంట్లోవాళ్ళతో కలిసి పెట్టుకునే సినిమా కాదది.